రిలీవర్ వచ్చేదాకా

వెంకట్ రాజీనామా ఇచ్చిన రోజు నేను చేసిన మొదటి పని అతన్ని తిట్టడం. రెండో పని వెళ్ళొద్దని బతిమాలడం. రెండూ ఒకే గుక్కలో చేశాను కాబట్టి ఏది ముందో ఏది వెనకో అతనికి అర్థమై ఉండదు.

"టెన్షన్ పడకు దీదీ. రిలీవర్ వచ్చేదాకా పోస్టు వదల్ను. పక్కా," అన్నాడు.

ఆ మాట భిలాయిలో ఎవరూ ఊరికే అనరు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు అయిపోయినా, తన చోట్లోకి వచ్చే మనిషి వచ్చి నిలబడేదాకా డ్యూటీలో ఉన్నవాడు కదలడు. ఆ వచ్చేవాడే రిలీవర్. అతనికి జ్వరం వస్తే ఇతనికి ఎనిమిది గంటలు పదహారవుతాయి, అంతే. మా నాన్న శంకరరావు ముప్పై నాలుగేళ్ళు బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో అలాగే పనిచేశాడు. వెంకట్ వాళ్ళ నాన్న కూడా అలాగే చేసి, రిటైరైన రెండేళ్ళకి పోయాడు. నేనూ వెంకటూ ఏనాడూ ప్లాంటు గేటు లోపల ఉద్యోగం చెయ్యలేదు. అయినా ఆ పద్ధతి మాకు అన్నం ముద్దలతో పాటే వచ్చింది. అందుకే అతనా మాట అనగానే నా ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటమే తర్వాత నన్ను చెడగొట్టింది.

మాది కంపెనీ అంటే నాకే నవ్వొస్తుంది. వైశాలి నగర్‌లో మా ఇంటి మేడ మీద రెండు గదులు, ఒక కూలరు, ముగ్గురు మనుషులు. హథ్‌ఖోజ్‌లోని నాలుగు చిన్న ఫౌండ్రీలు మా ఖాతాదారులు. వాళ్ళ కొలిముల వేడెంత, ఏ పోతలో ఏ లోహం ఎంత పడింది, ఎన్ని అచ్చులు పాడయ్యాయి, ఈ అంకెలన్నీ అక్కడ మేం బిగించిన డబ్బాల్లోంచి గంటగంటకీ మా దగ్గరికి వస్తాయి. మా సాఫ్ట్‌వేర్ వాటిని సర్ది పొద్దున్న యజమానులకు ఒక రిపోర్టు పంపుతుంది. ఫోన్లు ఎత్తడం, దొంగ అంకెలు పట్టుకోవడం ఛాయ పని. యజమానుల చుట్టూ తిరగడం నా పని. మిగతాదంతా వెంకట్. ఆరేళ్ళుగా అందులో ప్రతి లైనూ అతను రాసిందే. నేనూ ఒకప్పుడు ప్రోగ్రాములు రాసినదాన్నే గాని, ఇప్పుడు అందులో తలుపెక్కడుందో కూడా చెప్పలేను.

పోయినేడు కూతురు పుట్టిందని వెంకట్ పది రోజులు హైదరాబాదు వెళ్ళాడు. మూడో రోజుకల్లా రిపోర్టు ఆగిపోయింది. ఆ నాలుగు ఫౌండ్రీల్లో పెద్దదానికి యజమాని వాసుదేవరావుగారు నన్ను పిలిపించి, కుర్చీ కూడా చూపించకుండా, "ఇంకొక్కసారి ఇలాగయితే మీ డబ్బాలు మీరు పట్టుకుపోండమ్మా," అన్నారు. ఆయన వెళ్తే మిగతా ముగ్గురూ ఆయన వెనకే వెళ్తారు. అప్పట్నుంచి వెంకట్ తుమ్మినా నాకు భయమే.

అతను ఎందుకు వెళ్ళాలో నాకు తెలుసు. భార్య వందన హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో నర్సు. పాపకి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో వెంకట్ పాపని ఎత్తుకున్నది మొత్తం కలిపినా నలభై రోజులుండదు. పాప ఇప్పుడు వీడియోలో నాన్న కనపడగానే ఫోన్‌ని ముద్దు పెట్టుకుంటుందట. ఎదురుగా వెళ్తే మాత్రం ఏడుస్తుందట. ఈ సంగతి అతను నవ్వుతూ చెప్పాడు గాని, చెప్పాక చాలాసేపు కీబోర్డు మీద చెయ్యి కదల్లేదు.

హైదరాబాదులో అతనికి ఉద్యోగమిచ్చినవాళ్ళు జూన్ రెండున చేరమన్నారు. రిలీవర్ దొరకలేదని పదహారుకి జరిపించుకున్నాడు. అప్పటికీ దొరకలేదు. ముప్పైకి జరిపించుకున్నాడు. ఇంక జరిపేది లేదని వాళ్ళు రాసిన మెయిల్ నాకే చూపించాడు.

"ముప్పై దీదీ. లాస్ట్," అన్నాడు.

నేను వెతకలేదని ఎవరూ అనుకోవద్దు. వెతికాను. చెప్పులరిగేలా వెతికాను. మొదట వచ్చినవాడు మాట్లాడిన పావుగంటకే ఆఫర్ లెటర్ కావాలన్నాడు. సంబరపడి అప్పటికప్పుడు ఇచ్చాను. దాన్ని చూపించి రాయపూర్‌లో ఇంకో కంపెనీలో తన బేరం పెంచుకున్నాడు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తితే ఒట్టు. రెండోవాడు తండ్రిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పెద్దమనిషి గది నాలుగు మూలలూ చూసి, "క్వార్టర్ ఇస్తారా? మెడికల్ ఉందా?" అని నన్నే ఇంటర్వ్యూ చేశాడు. మూడోవాడికి మాటలొచ్చు, పని రాదు. నాలుగోవాడికి పని వచ్చేమో తెలీదు, నోరు విప్పితే కదా. ఐదో అమ్మాయి సోమవారం చేరతానంది. సోమవారం పొద్దున్నే ఛాయ కొత్త కుర్చీ తుడిచి, దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. మధ్యాహ్నం రెండింటికి ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, సారీ మేడమ్ అని.

"ఇక్కడికెవలొస్తారు అక్కా," అంది ఛాయ ఆ బొట్టు తుడుస్తూ. "కాస్త పని వచ్చినోల్లు బెంగుళూరు, పూనా ఎల్లిపోతన్నారు. రానోల్లే మనకి మిగిలినారు."

దాని నోరు నొక్కేయాలనిపించింది. నిజం చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదట్నుంచీ అంతే.

పంతొమ్మిదో తారీకు, గురువారం, అమ్ము వచ్చింది. సర్టిఫికెట్లలో కూడా పేరు అమ్ము అనే ఉంది. పవర్ హౌస్ మార్కెట్‌లో గాజుల కొట్టు వాళ్ళమ్మాయి. పలాస దగ్గర్నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం. వెంకట్ ఆ పూట హథ్‌ఖోజ్‌లో మీటరు చెడిందంటే వెళ్ళాడు. అందరికీ ఇచ్చే పరీక్షే ఆ పిల్లకీ ఇచ్చాను. నాలుగు రోజుల కొలిమి అంకెలు, వాటిలోంచి రోజువారీ మొత్తాలు తీసే ప్రోగ్రాము రాయాలి. రాసింది కాగితం మీద ప్రింటు తీసి ఇవ్వాలి.

రెండు గంటల్లో ఇచ్చింది. నేను చదువుతూ చదువుతూ కుర్చీలో ముందుకు జరిగాను. రాత అంత శుభ్రంగా ఉంది. పైగా నా అంకెల్లోనే ఒక తప్పు పట్టుకుంది. ఒకచోట వేడి ఆరు గంటలపాటు ఒకే అంకె చూపిస్తోందని, మీటరు ఇరుక్కుపోయి ఉంటుందని పక్కన రాసింది. ఇన్నాళ్ళుగా అందరికీ ఇస్తున్న కాగితమది. నేను చూడలేదు, అంతకుముందు రాసినవాళ్ళూ చూడలేదు.

ఒక్క తప్పు చేసింది. రాత్రి పన్నెండు దాటిన అంకెల్ని మర్నాటి తారీకులో వేసింది.

అది తప్పని లోకంలో ఎవరికీ తెలీదు, మా భిలాయి ప్లాంటువాళ్ళకి తప్ప. మాకు రోజు మొదలయ్యేది పొద్దున్న ఆరింటికి. మళ్ళీ ఆరయ్యేదాకా అదే తారీకు. రాత్రి రెండింటికి పోసిన పోత నిన్నటి లెక్కలోదే. హథ్‌ఖోజ్ ఫౌండ్రీలు పెట్టినవాళ్ళూ ప్లాంటు మనుషులే కాబట్టి అక్కడా అదే నడుస్తుంది. ఈ పిచ్చి మాకు ఇళ్ళల్లోకి కూడా వచ్చేసింది. నేను పుట్టింది తెల్లవారుజామున మూడింటికి. ఆసుపత్రిలో తారీకు అడిగితే నాన్న నైట్ షిఫ్టు ప్రకారం ముందురోజుది చెప్పాడు. ఈ రోజుకీ నాకు రెండు పుట్టినరోజులు.

ఈ సంగతి నా ప్రశ్న కాగితంలో ఎక్కడా లేదు. గాజుల కొట్టు పిల్లకి ఎలా తెలుస్తుంది? ఒక్క మాట చెబితే చాలు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

అప్పుడు నా కళ్ళ ముందు వెంకట్ ఖాళీ కుర్చీ కనపడింది. ఈ పిల్ల ఎంత తెలివైనదైనా కొత్తదే. ఆరేళ్ళ పని పది రోజుల్లో దానికి ఎక్కుతుందా? నడిమధ్యలో రిపోర్టు ఆగిపోతే? వాసుదేవరావుగారి గుమ్మం ముందు నేను నిలబడి ఉండటం, డబ్బాలు ఆటోలో ఎక్కించడం, ఛాయ మొహం, అన్నీ కనపడ్డాయి. వీటన్నిటి వెనకాల ఇంకో ఆలోచన చప్పుడు చెయ్యకుండా వచ్చింది. రిలీవర్ దొరక్కపోతే వెంకట్ వెళ్ళడు. మాటిచ్చాడు.

"చూసి కబురు చేస్తాంలేమ్మా," అన్నాను.

ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగింది. "ఏమైనా తప్పు రాశానా మేడమ్?"

"కబురు చేస్తామన్నాను కదా," అని కసిరాను. తప్పు చేసినప్పుడు నా గొంతు ఎప్పుడూ పెద్దదే.

సాయంత్రం వెంకట్ వచ్చీ రాగానే అడిగాడు. "ఎలా చేసింది దీదీ?"

"తారీకులే రావు. నైట్ షిఫ్టంతా చెల్లాచెదురు చేసింది."

అతను నా వంక కాసేపు చూశాడు. "అచ్ఛా," అని తన చోటుకి వెళ్ళి కూర్చున్నాడు.

నేను అబద్ధమాడలేదు. అదీ నా తెలివి. రోజూ పొద్దున్న దండం పెట్టుకుంటూ ఒక మంచి డెవలపర్‌ని పంపించు తండ్రీ అని అడిగేదాన్ని. ఆయన పంపిన మనిషిని నేనే వెనక్కి పంపేశాక, ఏమడగాలో తెలీక దీపం వెలిగించి ఊరికే నిలబడేదాన్ని. ఇంకో ఇద్దర్ని ఇంటర్వ్యూకి పిలిచాను. పనికిరారని తెలిసే పిలిచాను. వెంకట్ ఆ పదకొండు రోజులూ మధ్యాహ్నాలు ఒక పెద్ద రిజిస్టరు ముందేసుకుని ఏదో రాస్తుండేవాడు. ఏమిటని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం.

ముప్పయ్యో తారీకు పదకొండింటికి అతనికి ఫోన్ వచ్చింది. బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడాడు. తిరిగొచ్చి కూజాలోంచి నీళ్ళు వంచుకుని తాగాడు. గ్లాసు బోర్లించి పెట్టాడు.

"క్యాన్సిల్ చేసేశారు దీదీ. వేరేవాళ్ళని తీసుకుంటారంట."

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని చెప్తాను. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది సంతోషం. గుండెల మీంచి బరువు దిగినంత సంతోషం. ఆ తర్వాత అతను వందనకి ఫోన్ చేశాడు. అవతల పాప కేరింతలు వినిపించాయి. "నాన్న రాడంట చూడు," అంటోంది వందన పాపతో. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగాను. నాన్న ఉసిరికాయ పచ్చడి కలుపుకుంటూ కూర్చున్నాడు. పక్కనే ఆయన బీపీ కాగితాలున్నాయి. రిటైరై పన్నెండేళ్ళయినా బీపీ ఇప్పటికీ షిఫ్టుల వారీగానే రాసుకుంటాడు. అందుకోసం మేడ మీది పాత కాగితాలు పట్టుకొచ్చి వెనకవైపు వాడుకుంటాడు. ఆ రోజు కాగితం తిరగేసి చదువుతున్నాడు.

"ఎవుల్దే ఇది? మీటరు ఇరుక్కుపోనాదని పట్టీసింది. మంచి తెలివైన పిల్లలాగుంది. ఒక్క నైట్ షిఫ్టు కాడే తారీకు మార్చీసింది. మన ప్లాంటోల్ల పిల్ల కాదేటి?"

"కాదు నాన్నా. గాజుల కొట్టు వాళ్ళమ్మాయి."

"అయితే ఏటి? సెప్తే తెలుసుకోదేటి?"

ఆయన కాగితాన్ని ఇంకోసారి పైనుంచి కిందికి చదివాడు.

"వెంకట్‌కి రిలీవర్ దొరకనేదన్నావు కదే," అన్నాడు. "ఇదెప్పుడొచ్చింది?"

"పంతొమ్మిదిన."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదకొండు దగ్గర ఆగి, కంచం పక్కకి జరిపాడు.

"అంటే రిలీవరొచ్చింది. నువ్వే గేటు కాడ్నించి ఎనక్కి పంపీసినావు. లోపల నిలబడ్డోడికేమో రానేదని సెప్పినావు."

"కంపెనీ మూతపడిపోతుందని భయమేసింది నాన్నా."

"భయమెవుడికి లేదే? నువ్వు పుట్టిన్నాడు నా రిలీవరు రానేదు. పాపం ఆడికి మలేరియా. అప్పుడు మా ఇన్‌ఛార్జి తిరుమలరావుగారు ఏటి సేసినారో తెలుసా? ఆయనే గ్లౌజులు తొడుక్కుని, ఎల్లు శంకరరావూ, నేనున్నానుగా అని నా పోస్టు మీద నిలబడ్డారు. నీ మొకం నాను సూసినది ఆయన నిలబడబట్టి. ఇన్‌ఛార్జి అంటే అది." లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ అన్నాడు, "నువ్వేటి ఇన్‌ఛార్జివే?"

నలభై రెండేళ్ళలో ఆయన నన్ను ఒక్కమాట అన్నది అప్పుడే. కంచం ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరి కోసం ఏడుస్తున్నానో కూడా తెలీలేదు. ఆ పాప కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి పట్టుబడినందుకే ఎక్కువ ఏడ్చి ఉంటాను.

మేడెక్కాను. ఛాయ భోజనానికి వెళ్ళింది. వెంకట్ ఒక్కడే ఉన్నాడు, రిజిస్టరులో రాసుకుంటున్నాడు. నిలబడే చెప్పాను. అమ్ము బాగా రాసిందని, అది చేసింది తప్పే కాదని, నేనే చెప్పలేదని, అతను వెళ్ళిపోతాడన్న భయంతో చెప్పలేదని.

అతను పెన్నుకి క్యాప్ పెట్టాడు. "తెలుసు దీదీ."

"ఏం తెలుసు?"

"అమ్ము ఆ రోజే ఫోన్ చేసింది. ఆఫీసు బోర్డు మీద నా నంబరు కూడా ఉందిగా. భయ్యా, నేనేం తప్పు రాశానో చెప్పు, ఇంకోచోట దిద్దుకుంటాను అంది. పేపర్ ఫొటో పంపించింది. చూశాను. దీదీయే పిలిచి చెప్తుంది, ఆగమన్నాను."

ఆ కొత్త కుర్చీలోనే కూలబడ్డాను. "పదకొండు రోజులు! పదకొండు రోజులు తెలిసి కూడా ఎందుకడగలేదురా? నన్ను నిలదియ్యాల్సింది. తిట్టాల్సింది. వెళ్ళిపోవాల్సింది!"

"రిలీవర్‌ని పంపడం ఇన్‌ఛార్జి పని కదా దీదీ. నిలబడ్డం నా పని. మాటిచ్చాను." రిజిస్టరు మూశాడు. "ఇవాళ కాకపోతే రేపు నువ్వే పిలుస్తావు అనుకున్నాను. రోజూ అనుకున్నాను."

కోపంగా అనుంటే తట్టుకునేదాన్ని. నా మీద నమ్మకంతో కూర్చున్నాడు వాడు. ఆ నమ్మకం మీద నేను పదకొండు రోజులు హాయిగా నిద్రపోయాను.

అప్పటికప్పుడు అమ్ముకి ఫోన్ చేశాను. "నా తప్పేంటో చెప్తేనే వస్తాను మేడమ్," అంది ఆ పిల్ల ఖరాఖండిగా. తప్పు నీది కాదు, నాది అని చెప్పాను. అయితే ఎల్లుండి వస్తానంది.

ఫోన్ పెట్టేసి వెంకట్ వైపు తిరిగాను. అప్పటికే నా బుర్ర మళ్ళీ పనిచెయ్యడం మొదలుపెట్టింది. సిగ్గులేని బుర్ర. "అక్కడి ఉద్యోగం ఎలాగూ పోయింది కదా. ఉండిపో. ఇద్దరూ ఉండండి. హైదరాబాదులో ఇంకోటి దొరికాకే వెళ్దువుగాని. చేతిలో ఏమీ లేకుండా వెళ్ళి ఏం చేస్తావు?"

"పాపని చూసుకుంటాను," అన్నాడు. "వందనకి డ్యూటీలు మారుతుంటాయి. ఇన్నాళ్ళూ ఆమెకి రిలీవర్ లేదు."

"కొన్నాళ్ళు ఆగు వెంకట్. నీకు దండం పెడతాను."

"రిలీవర్ వచ్చాక పోస్టు మీద ఉండకూడదు దీదీ. ఆ సంగతి నీకూ తెలుసు."

ఆ రిజిస్టరు నా ముందుకి జరిపాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా నింపేశాడు. సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎక్కడుంది, ఏది చెడితే ఏం చెయ్యాలి, ఏ ఫౌండ్రీ మీటరు ఎప్పుడు మొరాయిస్తుంది, వాసుదేవరావుగారికి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలి, అన్నీ ఉన్నాయి. లోపలి అట్ట మీద రాసిన తారీకు జూన్ పంతొమ్మిది. అమ్ము ఫోన్ చేసిన సాయంత్రమే మొదలుపెట్టాడన్నమాట. వచ్చేవాళ్ళ కోసం పని అప్పజెప్పడానికి సిద్ధం చేసుకుంటూ, వాళ్ళని నేను పిలిచేదాకా కూర్చున్నాడు.

బుధవారం పొద్దున్న అమ్ము వచ్చింది. ఛాయ మళ్ళీ కుర్చీకి బొట్టు పెట్టింది. నాన్న మెట్లెక్కి వచ్చి ఒకసారి ఆ పిల్లని చూసి, తలాడించి, నాతో ఏమీ మాట్లాడకుండా దిగిపోయాడు. వెంకట్ బ్యాగు అప్పటికే గోడవారన పెట్టి ఉంది. మర్నాటికి టికెట్టు తీసుకున్నాడు. మిగిలినవి ఫోన్లో చెబుతానన్నాడు.

రిజిస్టరు తెరిచి అన్నిటికంటే ముందు నైట్ షిఫ్టు సంగతే మొదలుపెట్టాడు. ఆరింటి నుంచి ఆరింటిదాకా ఒక గీత గీశాడు. రాత్రి రెండింటి దగ్గర ఒక చుక్క పెట్టాడు. అది ఏ తారీకులో పడుతుందో చెప్పి, ఆ పిల్ల పాత ప్రోగ్రాములో ఒకచోట చూపించాడు. అమ్ము ఆ లైను మార్చి నడిపింది. మొత్తాలు సరిపోయాయి. నేను టీ పెట్టడానికి అప్పుడే స్టవ్ మీద గిన్నె పెట్టాను. పాలింకా పొంగు రాలేదు.

"ఇంతేనా భయ్యా?" అంది అమ్ము.

వెంకట్ నా వైపు చూడలేదు. "ఇంతే," అని పేజీ తిప్పాడు.